ప్రతి దొంగా ఘరానా దొంగేనా, ఎడిటర్ గారూ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్లో ఒక వార్త వచ్చింది. సూపర్ మార్కెట్లో రెండు షాంపూ సీసాలు, చంటిపిల్లల సబ్బులు, నాలుగు జతల సాక్సులు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బిల్లు కట్టకుండా బయటికొస్తున్న ఒక మహిళను సెక్యూరిటీ వాళ్లు పట్టుకున్నారని. హెడ్డింగ్ ఏమిటయ్యా అంటే 'కిలేడీ దొరికింది!' పక్కన ఫొటో. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ తెలిసినవాళ్లు గుర్తుపట్టడానికి కనిపించిన ఆ కాస్తా చాలు. సరే, ఇలాంటివి రోజూ వచ్చేవే కదా అని పేజీ తిప్పబోతుంటే చివరి నాలుగు లైన్లు కంటబడ్డాయి. ఆ సరుకు ఖరీదుకి ఎన్నో రెట్లు డబ్బు ఆవిడ పర్సులోనే ఉందట, ట్రాలీలో ఉన్న కందిపప్పుకీ నూనెకీ శుభ్రంగా బిల్లు కట్టిందట, ఇంటికెళ్లి చూస్తే బీరువా కింది అరలో విప్పని ప్యాకెట్లు, లేబుళ్లు పీకని సామాను కుప్పలుగా ఉందట, అసలు ఆ ఇంట్లో చంటిపిల్లలే లేరట. ఇదంతా రాసింది మీ విలేకరే. ఆయన్ని మెచ్చుకోవాలి, చూసింది చూసినట్టు రాశాడు. ఆ లైన్లు చదివిన డెస్కు మనిషికి పైన తాను పెట్టిన 'కిలేడీ' అన్న మాట అతకలేదని ఎందుకు అనిపించలేదన్నదే నా ప్రశ్న.

నేను పోలీసు డిపార్ట్‌మెంటులో కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనవాణ్ని. సర్వీసులో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌గానే గడిచింది. రైటర్ అంటే కథలు రాసేవాడు కాదు (కొన్ని పంచనామాలు చదివితే కథలేమో అనిపిస్తుంది, అది వేరే సంగతి). వచ్చినవాళ్లు ఏడుస్తూ చెప్పేది ఫిర్యాదుగా మార్చడం, ఎఫ్ఐఆర్, కేసు డైరీ, రికవరీ కాగితాలు, కోర్టుకి వెళ్లే కట్టలు, అన్నీ ఆయన చేతిమీదుగానే పోతాయి. మా ఆవిడ పేరు కన్నా దొంగ అన్న మాట ఎక్కువసార్లు రాసుంటాను. కాబట్టి ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. ఉత్తరం పొడుగైంది, మొదటి సగం కత్తిరించినా ఫర్లేదు, ఆవిడలా అవసరం లేకుండానే తీసేవాళ్ల గురించి రాసిన రెండో సగం మాత్రం ఉంచండి.

అసలు మన తెలుగులో దొంగలకి ఉన్నన్ని పేర్లు దొరలకి కూడా లేవు. గోడకి కన్నం వేసేవాడు కన్నగాడు, జనంలో కలిసిపోయి జేబు కొట్టేవాడు జేబుదొంగ, సంచీ కోసేవాడు కత్తెర దొంగ. పాత పుస్తకాల భాషలో మ్రుచ్చు, పురాణం చెప్పేవాళ్ల నోట చోరుడు, తస్కరుడు. ఇంట్లో మనిషే అయితే ఇంటిదొంగ, వాణ్ని ఈశ్వరుడు కూడా పట్టలేడని ముందే చేతులెత్తేశాం. బడి ఎగ్గొట్టి చెరువుగట్టున గోళీలాడేవాడు బడిదొంగ, ఆఫీసుకి టైముకొచ్చి కూడా ఫైలు ముట్టనివాడు పనిదొంగ, పాపం వీళ్లిద్దరూ ఎవరి సొమ్మూ ఎత్తుకుపోలేదు. దేవుణ్నీ వదల్లేదు, వెన్నదొంగ అని ముద్దుగా పిలుచుకుంటాం, పక్కింటి మూడేళ్ల పిల్ల మన జేబులో పెన్ను లాక్కుంటే 'ఓసి దొంగపిల్లా' అని బుగ్గ గిల్లుతాం. కళ్లు మూసుకుని నటిస్తే దొంగనిద్ర, పక్కవాడి పేరు మీద వేస్తే దొంగఓటు. క్రియలైతే ఇంకా చిత్రం. బైకు లేపేస్తారు, కోళ్లు ఎత్తుకుపోతారు, ఇల్లు దోచేస్తారు, ఆఫీసు డబ్బు నొక్కేస్తారు, ప్రభుత్వ నిధులు మాత్రం వాటంతటవే 'స్వాహా' అవుతాయి, ఆ వాక్యానికి కర్త ఉండడు.

ఇంత భాష చేతిలో ఉండి కూడా పేపర్లలో నాలుగే మాటలు తిరుగుతుంటాయి. ఘరానా దొంగ, గజదొంగ, కేటుగాడు, ఆడమనిషి అయితే కిలేడీ లేదా మాయలేడి. ఘరానా అంటే పెద్దింటి తరహా, గొప్ప దర్జా అని కదా. గుడి ముందు చెప్పులు ఎత్తుకుపోయిన కుర్రాడికి దర్జా ఎక్కణ్నుంచి వచ్చింది? అద్దె గదిలో దూరి మిక్సీ, ఇస్త్రీపెట్టె పట్టుకుపోయినవాడు గజదొంగ ఎలా అయ్యాడు? మేం ప్రెస్‌మీట్ పెట్టినప్పుడు ముసుగేసి నిలబెట్టినవాణ్ని చూసి మీవాళ్లు 'కొంచెం పెద్ద దొంగలా కనిపించేట్టు ఏదైనా చెప్పండి సార్' అని అడిగేవాళ్లు. మా పైవాళ్లకీ అది ఇష్టమేననుకోండి, చిన్న దొంగని పట్టుకుంటే పేరేం వస్తుంది?

చట్టంలో ఈ మాటలకి కొలతలున్నాయి. ఒక మనిషి స్వాధీనంలో ఉన్న కదిలే వస్తువుని ఆ మనిషి ఒప్పుకోకుండా దురుద్దేశంతో కదిపితే దొంగతనం, కదిపితే చాలు, గడప దాటించక్కర్లేదు. అందులో కొట్టడమో అప్పటికప్పుడు చంపుతానని బెదిరించడమో కలిస్తే దోపిడీ. అదే పని ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది కలిసి చేస్తే బందిపోటు. నలుగురి దగ్గర ఆగితే దోపిడీ, ఐదోవాడు కలిస్తే శిక్ష యావజ్జీవం దాకా వెళ్తుంది, అందుకే ఆ ఐదోవాడు నిజంగా ఉన్నాడా లేడా అన్నదాని మీద కోర్టుల్లో వాదనలు అలా సాగుతుంటాయి. మీ పేపర్లో మాత్రం ఒంటరిగా బండి మీద వచ్చి ముసలమ్మ మెడలో గొలుసు తెంపుకుపోయినవాడు కూడా 'బందిపోటు'. గొలుసు లాక్కుపోవడానికి పాత ఐపీసీలో విడిగా సెక్షనే లేదు, సందర్భాన్ని బట్టి 379 (దొంగతనం) అనో 392 (దోపిడీ) అనో రాసేవాళ్లం. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షన్‌గా దానికి వేరే చోటిచ్చారు. పాపం 420 మాత్రం పోయింది, కొత్త చట్టంలో ఉన్న సెక్షన్లే 358. అయినా మా వీధిలో చీటీల పేరుతో ముంచి పారిపోయినవాణ్ని ఇప్పటికీ ఫోర్‌ట్వంటీ గాడనే అంటున్నారు, కొత్త నంబరు ప్రకారం త్రీ ఎయిటీన్ గాడు అనాలి, ఎవరూ అనట్లేదు. కేడీ అన్న మాటా అంతే, ఉత్త తిట్టు అనుకుంటారు చాలామంది, మా రికార్డుల్లో అది 'నోన్ డిప్రెడేటర్' అనే ఇంగ్లిషు మాటకి పొట్టిపేరు. పాత నేరస్తుల మీద తెరిచే షీటు.

వీటన్నిటినీ సరదాగా తీసుకోవచ్చు. నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది, చేతివాటం. తాకట్టు పెట్టిన బంగారం తీసి గిల్టు నగలు పెట్టిన పెద్దమనిషి గురించి రాసేటప్పుడు 'చేతివాటం ప్రదర్శించాడు' అని రాస్తారు, అదేదో రవీంద్రభారతిలో ప్రోగ్రాం ఇచ్చినట్టు. గోడ దూకి కొబ్బరికాయలు కోసుకెళ్లిన కుర్రాడు మాత్రం దొంగ. బ్యాంకులకి కోట్లు ఎగ్గొట్టి విమానం ఎక్కితే 'ఎగవేతదారు'. కరెంటు స్తంభానికి కొక్కెం తగిలించుకున్న గుడిసె మనిషి కరెంటు దొంగ, ఫ్యాక్టరీవాడు మీటరు మారిస్తే 'విద్యుత్ చౌర్యం', 2003 నాటి విద్యుత్ చట్టంలో 135వ సెక్షను ఇద్దరికీ ఒకటే. ఒకరు రాసింది ఇంకొకరు తమ పేరుతో అచ్చేసుకుంటే గ్రంథచౌర్యం. డబ్బున్నవాడికి సంస్కృతం, లేనివాడికి అచ్చతెలుగు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు గానీ మీ పేజీల్లో కొందరు దొరికాక కూడా దొరలే.

ఈ చేతివాటం అన్న మాటనే మనం ఇంకో రకం మనుషులకి కూడా వాడతాం. 'ఆవిడకి కాస్త చేతివాటం ఉంది, పేరంటానికి వస్తే వెండి కుంకుమభరిణె లోపల పెట్టుకో వదినా' అని చెవిలో చెప్పుకుంటాం. చాలా బంధుబలగాల్లో అలాంటి మనిషి ఒకరుంటారు. కలిగినవాళ్లే. ఏమీ కొరత ఉండదు. ఇంటికొచ్చి వెళ్లాక ఒక చెంచా కనపడదు, అడగలేం, అడక్కుండా ఉండలేం. వీళ్ల గురించే ఈ ఉత్తరం.

ఒక టౌన్ స్టేషన్లో ఉన్నప్పుడు స్టీలు సామాన్ల షాపాయన ఒకావిడని వెంటబెట్టుకొచ్చాడు. వయసు యాభై దాటింది, మంచి పట్టుచీర, మెడలో ఉన్న గొలుసు ఆ షాపు గల్లాపెట్టెలో ఆ రోజు ఉన్న డబ్బుకన్నా ఖరీదు చేస్తుంది. ఆవిడ సంచీలోంచి బల్ల మీద పెట్టింది ఏమిటంటే మూడు గరిటెలు, ఒక టీ వడకట్టే జల్లెడ. ఎస్సై గారు ఇంటికెళ్లి చూసి రమ్మంటే నేనూ ఒక లేడీ కానిస్టేబులూ వెళ్లాం. భర్త ఏం మాట్లాడకుండా మేడ మీద గది తాళం తీశాడు. ట్రంకుపెట్టె మూత ఎత్తితే హెయిర్ క్లిప్పులు అట్టలకి అట్టలు, షేవింగ్ బ్రష్షులు, మగవాళ్ల దువ్వెనలు, తాళంకప్పలు, పిల్లల పాలపీకలు. ఒక్కటి కూడా వాడలేదు, ఎవరికీ అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. కొన్నిటి మీద ధర చీటీలు అంకెలు కనపడనంతగా వెలిసిపోయాయి. పాలపీకల రబ్బరు ఎండిపోయి పట్టుకుంటే చిట్లిపోయింది.

స్టేషన్‌కొచ్చి ఎందుకు తీశావమ్మా అని అడిగితే చాలాసేపు నేల చూసింది. తర్వాత చెప్పింది, తీసేదాకా గుండె దడదడలాడుతుంది, టెన్షన్, చేతులు చల్లబడతాయి, వద్దు వద్దు అనుకుంటూనే ఉంటాను, తీశాక కాసేపు హాయిగా ఉంటుంది, షాపు మెట్లు దిగేసరికి చచ్చిపోవాలనిపిస్తుంది అని. దొంగలు చెప్పింది నేను చాలా రాశాను ఎడిటర్ గారూ. అప్పు, తాగుడు, పేకాట, చెల్లెలి పెళ్లి, జైల్లో పరిచయమైనవాడు పిలిస్తే వెళ్లాను, ఇవే ఉంటాయి కారణాలు. హాయిగా ఉంటుందని, ఆ వెంటనే చావాలనిపిస్తుందని చెప్పినవాళ్లు ఈవిడ తప్ప ఇంకెవరూ లేరు. షాపాయన మంచివాడు, కేసు వద్దన్నాడు. ఎస్సై గారు భర్తని పక్కకి పిలిచి మానసిక వైద్యుడికి చూపించమన్నారు. అప్పటికే ఆలస్యమైంది, పొద్దున్నే ఒక పేపర్లో 'పట్టుచీర దొంగ' అని బాక్సు కట్టి వేశారు. ఏడాది తిరక్కుండానే వాళ్లు ఊరు వదిలిపోయారు.

ఈ మధ్య నా మేనకోడలు ఇంటికొస్తే మీ వార్త చూపించాను. తను సైకియాట్రీ డాక్టరు. 'మావయ్యా, ఇది క్లెప్టోమేనియా, అంటే దొంగిలించాలనే కోరికని ఆపుకోలేని జబ్బు కావచ్చు, లేకపోతే ఇంకోటేదైనా అయ్యుండొచ్చు, మనిషిని చూడకుండా చెప్పకూడదు, కానీ పేపర్‌వాళ్లు కిలేడీ అని ఎలా చెప్పేశారు?' అంది. ఇది నిన్నమొన్న పుట్టిన జబ్బు కాదట. 1816లోనే ఆండ్రే మాథే అనే స్విట్జర్లాండ్ వైద్యుడు దీని గురించి రాశాడు, 1838 నాటికి ఫ్రాన్సులో ఎస్కిరోల్ లాంటి వైద్యులు ఇప్పుడు మనం వాడే పేరుని ఖాయం చేశారు. మన నిఘంటువుల్లో దీనికి చౌర్యోన్మాదం అని ఉంటుంది, ఆ మాట వింటే జబ్బు లేనివాడికి కూడా వస్తుంది, క్లెప్టోమేనియా అనే రాయండి, డయాబెటిస్ రాయట్లేదా?

అమెరికా సైకియాట్రిస్టులు 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక జబ్బుల పుస్తకంలో లక్షణాలు ఇచ్చారు, వాటిని తను చదివి చెబుతుంటే నాకు ఆ ట్రంకుపెట్టె కళ్ల ముందు కదిలింది. తమకు అక్కర్లేని, డబ్బు కోసం కూడా కాని వస్తువుని తీయాలనే కోరికను మళ్లీ మళ్లీ ఆపుకోలేకపోవడం, తీసేముందు టెన్షన్ పెరగడం, తీసేటప్పుడు సంతోషమో ఉపశమనమో కలగడం. ఎవరి మీదో కోపంతో, పగతో చేసింది కాకూడదు, భ్రమల్లో చేసింది కాకూడదు. షాపుల్లో దొంగతనం చేస్తూ అరెస్టయినవాళ్లలో నూటికి 4 నుంచి 24 మందిలో ఇది కనిపిస్తుందని, మామూలు జనంలో అయితే వెయ్యికి 3 నుంచి 6 మందిలో ఉండొచ్చని, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో మూడింతలు ఎక్కువని అదే పుస్తకం లెక్క. అంటే షాపుల్లో దొరికేవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు లేదు. కొందరికి ఉంది. ఆ కొందరు ఎవరో తేల్చడం విలేకరి పని కాదు, నా పనీ కాదు, డాక్టరు పని. అరవై దాటాక కొత్తగా ఈ అలవాటు మొదలైతే మెదడుకి సంబంధించిన మతిమరుపు జబ్బేమో కూడా చూడాలట, అందులో ఒక రకంలో మనిషికి ఇది నాది కాదు, తీయకూడదు అనే జంకు పోతుందట. ఇంకొందరికి మనసు పట్టపగ్గాలు లేకుండా ఉరకలేసే మానియా దశలో ఇలా జరుగుతుందట. బళ్లో పక్కవాడి రబ్బరు జేబులో వేసుకొచ్చే పిల్లాడి సంగతి పూర్తిగా వేరు, వాడికి తల్లి నాలుగు మాటలు చెప్పి తిరిగి ఇప్పిస్తే సరిపోతుంది.

ముఠాలతో పోల్చి చూడండి, తేడా మామూలు కంటికే తెలుస్తుంది. చీరల షాపుకి నలుగురైదుగురు వస్తారు, ఇద్దరు ఆ రంగు చూపించు ఈ అంచు చూపించు అని సేల్స్‌మ్యాన్‌ని తినేస్తారు, ఒకరు మంచినీళ్లడుగుతారు, ఇంకొకరి లోపలి లంగాకి జేబులు కుట్టి ఉంటాయి, పరిచిన చీరల కుప్పలోంచి నాలుగు చీరలు ఆ జేబుల్లోకి జారిపోతాయి. బయట ఆటో రెడీగా ఉంటుంది, సాయంత్రానికి సరుకు దొంగసొత్తు కొనే రిసీవరు చేతిలో ఉంటుంది. అక్కడ లెక్క ఉంది, వాటా ఉంది, ముందు రోజే షాపు చూసుకుని వెళ్లడం ఉంది. ఆ ట్రంకుపెట్టె మనిషికి ఇవేవీ లేవు. ఒక్కతే వెళ్తుంది, అప్పటికప్పుడు పుట్టిన కోరిక, అమ్మకం లేదు, సీసీ కెమెరా తల మీదే ఉన్నా చూసుకోదు. మీరు ఇద్దరికీ కలిపి కిలేడీ అనే ఒకటే టోపీ పెడుతున్నారు.

చట్టం కూడా ఇక్కడ కాస్త ఇరకాటంగానే ఉంది. న్యాయ సంహితలో 22వ సెక్షన్ ప్రకారం మతి స్థిమితం లేక తాను చేసేదేమిటో, అది తప్పో ఒప్పో తెలియని స్థితిలో చేస్తే నేరం కాదు. కానీ క్లెప్టోమేనియా మనిషికి తప్పని తెలుసు, అదే కదా బాధ, కాబట్టి ఈ మినహాయింపులో ఇమడడం కష్టం. 303వ సెక్షన్లో కొత్తగా ఒక మంచి మాట చేర్చారు, మొదటిసారి శిక్ష పడుతున్న మనిషి, వస్తువు విలువ 5,000 రూపాయల లోపు, అది తిరిగి ఇచ్చేస్తే జైలు కాకుండా సమాజ సేవ. బాగుంది. అయితే అదే సెక్షన్లో రెండోసారి శిక్ష పడితే తక్కువలో తక్కువ ఏడాది కఠిన కారాగారం, ఐదేళ్ల దాకా వెయ్యొచ్చు. మళ్లీ మళ్లీ చేయడమే లక్షణమైన జబ్బుకి రెండోసారి ఏడాది జైలు. వైద్యం చేయించుకుంటున్నట్టు కాగితాలుంటే శిక్ష ఖరారు చేసేటప్పుడు చెప్పుకోవచ్చు, వకీలు ఆ సంగతి అడిగితే. ఎంతమంది అడుగుతారు? జబ్బు పేరే ఎవరూ పలక్కపోతే ఎలా అడుగుతారు?

ఇక్కడ మీరు నన్ను ఒక ప్రశ్న అడుగుతారు, నేనే అడిగేస్తాను. పట్టుచీర కట్టుకుంటే జబ్బు, పాతచీర కట్టుకుంటే దొంగతనమా? న్యాయమైన ప్రశ్న. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో పెద్ద పెద్ద బట్టల దుకాణాలు వచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగిందట, కలిగిన ఇంటి ఆడవాళ్లు లేసులు దాచుకుని దొరికితే డాక్టరు సర్టిఫికెట్‌తో ఇంటికి పోయేవాళ్లు, అదే పని చేసిన పనిమనిషి జైలుకి పోయేది. నేను కోరేది అది కాదు. పనిమనిషికి కూడా ఈ జబ్బు రావచ్చు, ఆమె దగ్గర దొరికిన పన్నెండు దువ్వెనల్ని చూసి ఎవరూ డాక్టర్ని పిలవరు, రెండు దెబ్బలు వేసి రాయించుకుంటారు, అంతే తేడా. అలాగే ఆకలికి బ్రెడ్ ప్యాకెట్ తీసినవాడిది జబ్బూ కాదు, ఘరానా అంతకన్నా కాదు. వాడికి కూడా వేరే మాట కావాలి, మన భాషలో ఇన్ని మాటల మధ్య దానికొకటి లేకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

మాది బాపట్ల వైపు, కాబట్టి ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. బస్సులో కండక్టరు 'స్టూవర్టుపురం' అని కేకేస్తే అక్కడ ఎక్కుతున్నవాళ్లని చూసి జనం జేబులు తడుముకోవడం నా కళ్లతో చూశాను. ఎక్కినవాళ్లలో ఒకడు టెన్త్ హాల్‌టికెట్ చేత్తో పట్టుకున్న పిల్లాడు. 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం అని ఒకటి తెచ్చారు, కొన్ని కులాల్లో పుట్టడమే నేరమన్నట్టు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న ఎరుకల కుటుంబాలను పట్టుకొచ్చి, 1913లో హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు మీద ఆ సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం పోయింది, కాగితాల మీద వాళ్లు విముక్త జాతులయ్యారు. ఆ తర్వాత జాషువా గారి కూతురు హేమలతా లవణం, ఆవిడ భర్త లవణం గారు ఆ ఊళ్లో ఏళ్ల తరబడి తిరిగి ఎంతమందిని దారిలో పెట్టారో ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. ఇన్ని జరిగినా, ఇప్పటికీ ఒక చోరీ జరిగితే 'స్టూవర్టుపురం తరహాలో' అని వార్తలో ఒక ముక్క పడుతూనే ఉంటుంది. చెడ్డీ గ్యాంగ్ అంటే వేసుకున్న బట్టని బట్టి వచ్చిన పేరు, దాంతో పేచీ లేదు. పార్థీ గ్యాంగ్ అంటే ఒక తెగ మొత్తానికీ పేరు పెట్టినట్టు కాదా? మా డిపార్ట్‌మెంటే ఆ మాట వాడుతుందనుకోండి, ప్రెస్‌నోట్‌లో ఉన్నదల్లా అచ్చెయ్యాలని ఎక్కడుంది?

పుట్టుకని బట్టి దొంగ అనే చట్టం పోయి ఇన్నేళ్లయింది. ఇప్పుడు దొంగ ముద్ర వేసే పని హెడ్డింగులు చేస్తున్నాయి, పైగా ఇంటర్నెట్‌లో అది చెరగదు. ఆ రోజుల్లో పేపరు మర్నాటికి బజ్జీల పొట్లమైపోయేది. ఇప్పుడు ఆ మహిళ కూతురికి సంబంధం చూసేవాళ్లు ఫోన్లో ఊరి పేరు కొట్టి వెతికితే మొట్టమొదట అదే ఫొటో వస్తుంది.

మీరు వార్తలు వేయొద్దని నేననట్లేదు, షాపువాళ్లు నష్టపోతున్నారు, చిన్న కొట్టువాడికి రోజుకి రెండొందల సరుకు పోయినా దెబ్బే. కోర్టు తేల్చేదాకా నిందితురాలు అని రాయండి, అది చట్టం కూడా. అవసరం లేని సామాను, వాడని సామాను, అమ్మని సామాను అని మీ విలేకరి రాస్తే ఆ రోజుకి ఫొటో పక్కన పెట్టండి, ఊరు కూడా రాయక్కర్లేదు. డాక్టరు చెప్పకుండా జబ్బు అని కూడా రాయకండి, అది ఇంకో రకం ముద్ర, 'ఎర్రగడ్డ కేసు' అని నవ్వుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన ఆ కిలేడీ అన్న మాటని మాత్రం దయచేసి పూర్తిగా మానేయండి. మగ జేబుదొంగకి అలాంటి ప్రాస ఎవరూ కట్టలేదు.

దీనికి వైద్యం ఉందన్న ముక్క కూడా మీ ఆదివారం పేజీలో ఎప్పుడైనా వేస్తే బాగుంటుంది. కోరిక పుట్టినప్పుడు మనసుని ఎలా మళ్లించాలో కూర్చోబెట్టి నేర్పే చికిత్సలున్నాయట. తాగుడు మాన్పించడానికి ఇచ్చే నాల్ట్రెక్సోన్ అనే మందుని 2009లో అమెరికాలో 25 మంది మీద ఎనిమిది వారాలు పరీక్షిస్తే దొంగిలించాలనే కోరిక తగ్గిందట. చిన్న పరీక్షే, అందరికీ పనిచేస్తుందని కాదు, డాక్టరు చూసి ఇవ్వాల్సిందే అని మేనకోడలు మరీ మరీ చెప్పింది. ఈ జబ్బున్నవాళ్లలో చాలామంది సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరట, భార్యకి కూడా, భర్తకి కూడా. అలాంటివాళ్లు కూడా పొద్దున్నే మీ పేపరు చదువుతారు. ఆత్మహత్య వార్తల కింద హెల్ప్‌లైన్ నంబరు వేస్తున్నారు కదా, ఇలాంటి వార్త వేసిన రోజు కూడా అడుగున ఒక్క లైను వేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్, నంబరు 14416. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్,
బాపట్ల జిల్లా